షోకూ, సుఖమూ, చీలమండ దాటిన జోడూ

ఉదయం తొమ్మిది గంటల వేళ మన కళాశాల ముఖద్వారం వద్ద నిలబడి, వచ్చేవారి ముఖాలను విడిచి పాదాలను మాత్రమే చూచినచో ఒక చిత్రమైన దృశ్యం కంటబడుతుంది. మన అన్నలు చదువుకొన్న రోజుల్లో ఇక్కడ చెప్పులూ, సాండల్సూ, ఇంటర్వ్యూల కాలంలో నల్లని తోలుబూట్లూ తప్ప వేరేమీ అంతగా కనబడేవి కావట. నేడు చీలమండను దాటి పైకి లేచి, వరుస కన్నాల గుండా లేసులు అల్లుకొన్న గుడ్డజోళ్ళూ, రంగురంగుల తోలుజోళ్ళూ బారులుతీరి లోపలికి నడచి వస్తున్నవి. వీటిని హైటాప్ స్నీకర్లు అంటున్నారు. చిత్రమేమనగా, వీటిలో అధికభాగం కొత్త నమూనాలు కావు. మన తాతల కాలంలోనూ, తండ్రుల కాలంలోనూ అమెరికా దేశపు బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళు తొడిగిన నమూనాలనే రెట్రో అను పేరుతో మరల తయారుచేసి అమ్ముతున్నారు. మన ద్వారం దాటి వచ్చేవాటిలో కొన్ని అసలైనవి. తక్కినవి బజారు భాషలో ఫస్ట్ కాపీలు. ఏది ఏదో అడిగి ఎవరినీ నొప్పించదలచుకోలేదు.

ఈ వ్యాసం వ్రాస్తున్న మేమూ ఆ బారులోని వారమే. కనుక పాఠకులు దీనిని ఉపదేశంగా భావించవద్దని మనవి. జోడు చేత కరిపించుకొన్నవారు జోడు గురించి చెప్పే నాలుగు మాటలు మాత్రమే ఇవి.

గత వేసవిలో మా అక్క వివాహం జరిగినది. ట్యూషన్లు చెప్పి కూడబెట్టుకొన్న సొమ్ముతో, ఆ శుభకార్యానికని ఎరుపు తెలుపు రంగుల హైటాప్ జోడొకటి కొన్నాము. మా పాదం కొలత తొమ్మిది. అంగడిలో మిగిలినది ఎనిమిది. “రెండు రోజులు తొడిగితే అవే సాగుతాయి భాయ్” అని అంగడివాడు ధైర్యం చెప్పినాడు. తొడిగి అద్దంలో చూచుకొన్నాము. పాంటు అంచు క్రింద ఆ జోడు ఎంత ఠీవిగా కనబడినదంటే, లోపల వ్రేళ్ళ కొనలు ముడుచుకొని ఉన్న సంగతి మనసుకెక్కనే లేదు.

పెండ్లినాడు ఉదయం పది గంటల నుండి అర్ధరాత్రి దాటేవరకు ఫంక్షన్ హాలులో మా కాలు నిలువలేదు. అతిథులను ఎదుర్కొనుట, కుర్చీలు వేయించుట, వడ్డన చూచుట, మంచినీరు అందించుట. తివాచీ పరచిన వేదిక ఎక్కవలెనన్నా, లోపలి గదిలోని పెద్దలకు సలాము చేయవలెనన్నా జోడు విప్పవలసినదే. చెప్పులవారు కాలు విదిలించి లోపలికి పోయినారు. మేము గడప వద్ద గొంతుకూర్చొని, ముడి విప్పి, కన్నం కన్నం నుండి లేసు సడలించి, మడమ ఊడలాగి లోపలికి పోయి, మరల వచ్చి అదంతా బిగించుకొనే సరికి పిలిచిన పనిని మరొకరు ముగించేవారు. సాయంత్రానికి చిటికెనవ్రేలి చర్మం లేచిపోయినది. మడమ వెనుక రూపాయి బిళ్ళంత బొబ్బ లేచినది. రాత్రి భోజనాల వేళ కుంటుతూ తిరుగుతున్న మమ్మల్ని చూచి మా చిన్నాన్న, “ఏమిరా, ఆటకు వేసుకునే బూట్లంటివి. ఆడకుండానే దెబ్బ తగిలించుకున్నావే!” అన్నారు. అందరూ నవ్వినారు. మాకు నవ్వు రాలేదు గాని, ఆ మాట మాత్రం మనసులో నాటుకొన్నది. ఆటగాని పాదాన్ని కాపాడుటకే పుట్టినదని చెప్పుకొనే ఈ జోడులో రక్షణ ఎంత, సుఖమెంత, షోకెంత? ఉప్పు కలిపిన గోరువెచ్చని నీటిలో పాదాలు ముంచి కూర్చున్న ఆ రాత్రి మొదలైన విచారణ ఇది.

దీని పుట్టుక తెలియవలెనంటే రబ్బరు దగ్గర మొదలుపెట్టాలి. పచ్చి రబ్బరు ఎండకు జిగురై అంటుకొంటుంది, చలికి పెళుసై విరుగుతుంది. 1839లో చార్లెస్ గుడ్‌యియర్ అను అమెరికన్ దానిని గంధకంతో కలిపి వేడిచేసి స్థిరపరచే ఉపాయం కనుగొన్నాడు. గుడ్డకు రబ్బరు అట్టను అతికించి గట్టి జోడు చేయుట అందువల్లనే సాధ్యమైనది. అడుగు చప్పుడు వినబడదు గనుక, చడీచప్పుడు లేకుండా నడిచేవారి జోడన్న భావంతో దానికి స్నీకరన్న పేరు వచ్చినది. బాస్కెట్‌బాల్ ఆట 1891లో మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డులో పుట్టినది. అదే రాష్ట్రంలోని మాల్డెన్‌లో 1908లో మార్క్విస్ మిల్స్ కాన్వర్స్ రబ్బరు జోళ్ళ సంస్థను స్థాపించినాడు. 1917లో ఆ సంస్థ ఆల్‌స్టార్ అను ఆటజోడును తెచ్చినది. 1920ల తొలినాళ్ళలో చక్ టేలర్ అను ఆటగాడు ఆ సంస్థలో అమ్మకందారుగా చేరి, ఊరూరా తిరుగుతూ, పాఠశాలల్లో ఆట నేర్పుతూ, ఆ చేత్తోనే జోళ్ళు అమ్మినాడు. 1930లలో ఆయన సంతకం చీలమండ మీది నక్షత్రపు బిళ్ళలోకి ఎక్కినది. ఆయన 1969లో మరణించినాడు. సంతకం మాత్రం ఈనాటికీ అక్కడే ఉన్నది. కార్ల్ మార్క్స్ పేరు తెలియని విద్యార్థి మన కళాశాలలో ఉండవచ్చును గాని, చక్ టేలర్ సంతకం చూడని విద్యార్థి ఉండడు.

ఆనాటి ఆటగానికి ఆ జోడు షోకు వస్తువు కాదు. తోలు అట్ట కొయ్య నేలమీద జారుతుంది. రబ్బరు అట్ట నేలను పట్టుకొంటుంది. గుడ్డ తోలుకంటె తేలిక, గాలి ఆడుతుంది. చీలమండను చుట్టి కట్టితే కాలు బెణకదని ఆనాటివారు నమ్మినారు. తన కాలానికి అది అత్యుత్తమమైన పనిముట్టు. ఎవరైనా పాతజోడును చూచి ఇది మొదటినుండీ వట్టి వేషమని అంటే మేము అంగీకరించము. నిన్నటి సుఖం నేటికి సొగసుగా మిగిలినది, అంతే.

తరువాతి కథను త్వరగా చెప్పవచ్చును. 1969లో అడిడాస్ సంస్థ సూపర్‌స్టార్ అను తోలుజోడుతో ఆటస్థలంలోకి వచ్చినది. 1982లో నైకీ సంస్థ అట్టలో గాలిసంచి ఇమిడ్చిన ఎయిర్ ఫోర్స్ 1ను, 1985లో మైకేల్ జోర్డాన్ పేరిట 65 డాలర్ల ఎయిర్ జోర్డాన్‌ను తెచ్చినది. అప్పటికి గుడ్డజోడు ఆటస్థలం విడిచి వీధిలోకి, సంగీతకారుల వేదికలమీదికి, విద్యార్థుల కాళ్ళకు చేరుకొన్నది. 1978లో వాన్స్ సంస్థ స్కేట్‌బోర్డు ఆటగాళ్ళకోసం మెత్తలు కుట్టిన ఎత్తుజోడొకటి చేసినది. చక్రాల పలక ఎగిరి చీలమండ ఎముకకు కొట్టుకొనే ఆట అది. అక్కడ ఆ ఎత్తుకూ, ఆ మెత్తకూ నిజమైన పని ఉన్నది.

మరి తక్కినవారి సంగతి? ఎత్తు జోడు కాలు బెణకకుండా కాపాడునా? పాదం లోపలివైపుకు మడతపడినప్పుడు, బయటివైపు ఎముకలను కట్టి ఉంచే బంధనాలు సాగి చినుగుటనే మనం బెణుకు అంటాము. 1993లో అమెరికాలో వైద్యులు 622 మంది కళాశాల బాస్కెట్‌బాల్ ఆటగాళ్ళను విభజించి, కొందరికి ఎత్తుజోళ్ళు, కొందరికి పొట్టిజోళ్ళు, మరికొందరికి గాలి నింపుకొనే అరలున్న ఎత్తుజోళ్ళు ఇచ్చి ఆడించి చూచినారు. మొత్తం 15 చీలమండ గాయాలు లెక్కకు వచ్చినవి. ఏ రకం జోడూ తక్కినవాటికంటె ఎక్కువ కాపాడినట్లు తేలలేదు. 15 అనునది చిన్న సంఖ్యయే. దానిమీద పెద్ద తీర్పు చెప్పరాదు. 2000లో ప్రచురితమైన మరొక పరిశీలనలో, ప్రయోగశాలలో పలకను హఠాత్తుగా వంచి చూచినప్పుడు ఎత్తుజోడు పాదపు మడతను 4.5 డిగ్రీల మేర తగ్గించినది. ఈ రెండింటినీ కలిపి చూస్తే మాకు తోచునది ఇది. బిగించి కట్టిన ఎత్తుజోడు కొంత ఆనిక ఇవ్వవచ్చును గాని, అది కాలికి కవచమన్న మాట నిలువదు. కోబీ బ్రయంట్ వంటి అగ్రశ్రేణి ఆటగాడు 2008లో తన పేరిటి జోడును చీలమండ క్రిందికే కత్తిరించి చేయించుకొన్నాడు. అంతకంటె ముఖ్యమైన సంగతి మన వరండాలోనే ఉన్నది. పైరెండు కన్నాలలో లేసు బిగించి కట్టేవారు మనలో ఎందరు? కట్టరు, ఏలయనగా అది ఫ్యాషన్ కాదు. లేసు వదులుగా వ్రేలాడుతూ ఉండవలె, నాలుక ముందుకు వాలి ఉండవలె. అప్పుడా పైభాగం కాపాడునది చీలమండను కాదు, సాక్సును.

కట్టినవారికైనా పాతజోడు ఏమి చేయగలదో చెప్పే కథ ఒకటి లోకప్రసిద్ధం. 1998 మార్చి 8న న్యూయార్కులోని మాడిసన్ స్క్వేర్ గార్డెన్‌లో మైకేల్ జోర్డాన్, షికాగో జట్టు తరఫున అక్కడ ఆడు చివరి ఆట కాగలదన్న తలంపుతో, తన తొలినాటి ఎయిర్ జోర్డాన్ జోడును వెదకి తొడుగుకొన్నాడు. అప్పటికి పదమూడేళ్ళుగా ఏటేటా కొత్త నమూనాలు తొడిగిన పాదాలవి. సగం ఆట ముగిసేసరికి పాదాలనుండి రక్తం కారుచున్నదని ఆయనే తరువాత చెప్పినాడు. ఆట చక్కగా సాగుతున్నదని విప్పలేదట. ఆ సాయంత్రం 42 పాయింట్లు సాధించినాడు. ఈ కథను జోడు గొప్పతనానికి నిదర్శనంగా చెప్పుకొనేవారిని మేము ఎరుగుదుము. మాకు మాత్రం అందులో కనబడునది వేరు. ఆ జోడు ఎవరి పేరు మోస్తున్నదో ఆ మనిషి పాదాన్నే అది మన్నించలేదు. మా మడమ మీది బొబ్బ ఏపాటిది?

సుఖాన్ని కోరి సంస్థలు ప్రయత్నించలేదా అంటే, ప్రయత్నించినవి. 2003లో కాన్వర్స్ సంస్థను నైకీ కొన్నది. ఆ నైకీ పరిజ్ఞానంతో, మెత్తని లోపలి అట్ట వేసి, నాలుకకు మెత్త కుట్టి 2015లో చక్ టూ అను జోడును బజారులో పెట్టినారు. అరికాలికి ఆసరా లేదన్న దశాబ్దాల ఫిర్యాదుకు సమాధానం దొరికినదనుకొన్నారు. కాని కొనుగోలుదారులు దానిని ఆశించినంతగా ఆదరించలేదు. కొంతకాలానికి అది బజారునుండి తప్పుకొన్నది. పాత సన్నని అట్టజోడు మాత్రం ఎప్పటివలె అమ్ముడవుతూనే ఉన్నది. అంతకు రెండేళ్ళ ముందు, 2013లో, 1970ల నాటి రూపాన్ని యథాతథంగా తెచ్చి, మందపు గుడ్డతో, కంటికి కనబడని చోట కొంచెం మెత్తతో చేసిన జోడుకు మంచి గిరాకీ దొరికినది. ఈ రెండు అనుభవాలను ప్రక్కప్రక్కన ఉంచి చూడండి. సుఖం ఎదుటికి వచ్చి నేనున్నానని చెప్పినప్పుడు జనం ముఖం త్రిప్పుకొన్నారు. పాతరూపం చాటున దాగి వచ్చినప్పుడు స్వీకరించినారు. వారు కొనుచున్నది జోడును కాదు, జ్ఞాపకాన్ని.

ఎవరి జ్ఞాపకాన్ని అన్నదే మాకు కలిగిన రెండవ సందేహం. షికాగో ఆట మన జ్ఞాపకం కాదు. గుడ్డజోడుకు సంబంధించి మన ఇండ్లలో ఉన్న జ్ఞాపకం తెల్ల కెడ్స్. డ్రిల్లు పీరియడుకు ముందు, ఆగస్టు పదిహేను కవాతుకు ముందు, మాసిన గుడ్డమీద చాక్‌పీసు రుద్ది తెల్లగా చేసికొన్న బాటా జోడు. దానికి ఎత్తు లేదు, సంతకం లేదు, ఎవరూ దానిని పెట్టెలో దాచుకోలేదు. చిరిగితే మోచీ దగ్గర కుట్టించి తమ్మునికి ఇచ్చినారు. అయినా పరాయి జ్ఞాపకాన్ని తొడుగుకొనుట నేరమని మేము అనము. మన నగరంలో మనదనుకొన్న వేషంలో, భోజనంలో, మాటలో ఎన్ని దూరదేశాలనుండి రాలేదు! షోకు అన్న తెలుగు మాటయే చూడండి. అది ఉర్దూ షౌఖ్ నుండి వచ్చినది. ఉర్దూలో దాని అర్థం మక్కువ, అభిలాష. తెలుగులోకి వచ్చేసరికి అది అలంకార వ్యామోహమైనది. ఒకే మాట గడప దాటి మనసునుండి ఒంటిమీదికి దిగినది.

ఉర్దూలో మరొక జంట గలదు. తకల్లుఫ్, తక్లీఫ్. మర్యాదకోసం మనిషి తనమీద తాను వేసికొనే శ్రమ మొదటిది. బాధ రెండవది. రెండూ ఒకే అరబ్బీ ధాతువు నుండి పుట్టినవి. హైటాప్ జోడు మన కాలపు తకల్లుఫ్ అని మా అభిప్రాయం. ఈ మాట నిందగా అనుటలేదు. మే నెల ఎండలో మెడవరకు గుండీలు బిగించిన షేర్వాణీ మా తాతగారి తకల్లుఫ్. జరీ బరువుతో రోజంతా తల వంచుకొని కూర్చున్న పెండ్లికూతురిది మరొక తకల్లుఫ్. నేటి యువతకు ఫ్యాషన్ పిచ్చి పట్టినదని తల ఊపే పెద్దలు, తమ పెండ్లి ఫొటోలో తమ కాళ్ళకు ఉన్నదేమిటో ఒకసారి చూచుకొనవలెనని సవినయంగా మనవి. మా నాన్నగారి ఫొటోలో కొన సూదిగా ఉన్న బూట్లున్నవి. ఆ బూట్లు ఎంత కరిచినవో ఆయన ఇప్పటికీ చెప్పరు.

అయితే షేర్వాణీకి ఒక సమయముండేది. కార్యం ముగిసి ఇంటికి రాగానే విప్పి, లుంగీ కట్టుకొనేవారు. షేర్వాణీ ఒంటికి చలువ చేయునని ఎవరూ చెప్పి అమ్మలేదు. ఇక్కడనే మాకు అసలు ఫిర్యాదు ఉన్నది. మన మిత్రులలో అనేకులు ఈ జోడును పండుగకు తొడుగుట లేదు. ఉదయం కళాశాలకు అదే, మధ్యాహ్నం బస్సులో నిలబడుటకు అదే, సాయంత్రం అంగడిలో కౌంటరు వెనుక నాలుగు గంటలు నిలువుటకు, పొట్లాలు చేరవేయు ఉద్యోగంలో అపార్టుమెంట్ల మెట్లెక్కుటకు అదే. జత ఒక్కటే ఉన్నప్పుడు షోకు జతయే పనిజత అవుతుంది. అసలు జోర్డాన్ జోడు ధర వేల రూపాయలలో ఉన్నది. దాని నకలు కొన్నప్పుడు రూపం వచ్చినది, అట్టలోని గాలిసంచి వచ్చినదో లేదో ఎవరు కోసి చూచినారు? రూపం కోసం సొమ్ము చెల్లించినాము సరే. పాదం కోసం చెల్లించినామనుకొనుట మోసపోవుట.

మన నేలకూ ఈ జోడుకూ పొసగని సంగతి మరొకటి ఉన్నది. దీనిని కల్పించినవారు ఉదయం తొడిగిన జోడును రాత్రి పడుకొనేటప్పుడు విప్పే దేశంవారు. మనం రోజుకు ఎన్ని గడపల వద్ద విప్పుతాము! ఇల్లు, పొరుగిల్లు, మసీదు, గుడి, దర్గా, ట్యూషను చెప్పే ఇంటి వసారా, కొన్ని కంప్యూటరు కేంద్రాలు కూడా. మన చెప్పుకు పట్టీ ఒక్కటే ఎందుకున్నదో అప్పుడు తెలుస్తుంది. మన భాషలో జోడు సుఖమనగా నడకలోని సుఖం మాత్రమే కాదు, విప్పుటలోని సుఖం కూడా. ఇక వేసవి. పలుచని గుడ్డజోడుకు లోపలివైపు రెండు గాలికన్నాలైనా ఉన్నవి. మెత్తలు కుట్టిన తోలుజోడును నలభై డిగ్రీల ఎండలో సాయంత్రం విప్పినప్పుడు గదిలోని మిత్రులు లేచి కిటికీలు తెరచుటను మేము కన్నులారా చూచినాము.

పాదపు ఆకారం సంగతి చెప్పకపోతే ఈ విచారణ అసంపూర్ణమవుతుంది. 2009లో ప్రచురితమైన ఒక పరిశోధనలో బెల్జియం శాస్త్రజ్ఞులు దక్షిణ భారతంలో జోడు లేక నడిచి పెరిగినవారి పాదాలను, జోడు తొడిగే భారతీయుల పాదాలను, పాశ్చాత్యుల పాదాలను కొలిచి చూచినారు. జోడు ఎరుగని పాదం ముందుభాగంలో వెడల్పుగా ఉన్నది. ఒత్తిడి అరికాలంతటా సమంగా పరుచుకొన్నది. పాశ్చాత్యుల పాదం వీరిద్దరికంటె సన్నన. మనలో చాలామంది ఎండాకాలపు సెలవులలో ఊళ్ళో చెప్పులు లేక తిరిగి పెరిగినవాళ్ళమే. మన వ్రేళ్ళు విచ్చుకొన్న వ్రేళ్ళు. ఈ గుడ్డజోడు ముందుభాగమో సన్నని రబ్బరు టోపీ. రబ్బరు టోపీ సాగదు, ఎన్ని రోజులు తొడిగినా సాగదు. గుడ్డ కొంత ఒదుగుతుంది, తోలు కొంత వదులవుతుంది, కొనలోని రబ్బరు మాత్రం ఎనిమిది ఎనిమిదే. అంగడివాని మాట నమ్మినవారు మాకు తోడుగా ఉప్పునీటి బేసిన్ సిద్ధం చేసికొనవచ్చును. సాయంత్రం వేళ, పాదం కాస్త ఉబ్బి ఉన్నప్పుడు, తొడిగే సాక్సుతోనే కొలిచి కొనుట మేలు. వెడల్పు చాలకపోతే ఎంత అందమైనదైనా అక్కడనే విడిచి రావలె. అట్ట చదునుగా ఉండుట దోషమని అనలేము. బరువులెత్తే వ్యాయామశాలల్లో ఆ చదును అట్టకోసమే పాత గుడ్డజోడును కోరి తొడిగేవారున్నారు. గంటసేపు బరువులెత్తుట వేరు, పది గంటలు సిమెంటు నేలమీద నిలబడుట వేరు.

ఇంతవరకు చెప్పినది మన సొంత పాదాల సంగతి. బొబ్బ వచ్చినా, డబ్బు పోయినా తెలిసి చేసిన పని. మేము నిజంగా కలత చెందినది మరొక దృశ్యం చూచి. జోళ్ళ అంగళ్ళలో ఇప్పుడు అరచేతిలో ఇమిడే హైటాప్‌లు వచ్చినవి. రెండేళ్ళ బిడ్డకు, మూడేళ్ళ బిడ్డకు, సంతకంతో, నక్షత్రంతో, పెద్దల జోడుకు అచ్చమైన నకలు. ముద్దు వచ్చే వస్తువే, కాదనలేము. తండ్రీ కొడుకూ ఒకే జోడు తొడిగి ఫొటో దిగుట వాడుక అయినది. ఇక్కడ ఒక పరిశోధనను ప్రతి ఇంటిలోనూ వినిపించవలెనని మా కోరిక. 1992లో రావు, జోసెఫ్ అను ఇద్దరు వైద్యులు 4 నుండి 13 ఏళ్ళ వయసుగల 2300 మంది పిల్లల పాదముద్రలు తీసి, చదును పాదం ఎందరికున్నదో లెక్కించినారు. జోడు తొడిగే పిల్లలలో నూటికి 8.6 మందికి, జోడు తొడగని పిల్లలలో నూటికి 2.8 మందికి పాదపు వంపు సరిగా ఏర్పడలేదు. వ్రేళ్ళను మూసివేసే జోళ్ళు తొడిగినవారిలో ఈ లోపం అధికం, చెప్పులు తొడిగినవారిలో తక్కువ, ఉత్తికాళ్ళవారిలో అత్యల్పం. ఆరేళ్ళలోపు వయసే ఈ వంపు ఏర్పడుటకు కీలకమని వారి అభిప్రాయం. ఇది ఏ దూరదేశపు మంచుప్రదేశంలోనో చేసిన లెక్క కాదు, మన దక్షిణాదిలో మన పిల్లల పాదాలమీద చేసిన లెక్క. చదును పాదమున్న ప్రతివాడూ బాధపడునని కాదు. అయినా వద్దని నోరు తెరచి చెప్పలేని వయసులో, చీలమండదాకా బిగించి కట్టి, పై కన్నం వరకు ముడివేసి పంపుటకు ఆ బిడ్డకు ఏ ఆటస్థలం ఎదురుచూస్తున్నది? పెద్దలు పైకన్నాలు వదులుగా ఉంచుకొంటారు. పిల్లలవి మాత్రం ఊడిపోకుండా గట్టిగా కడతారు.

మా పెద్దమ్మగారి మనుమరాలు మూడేళ్ళది. మా అక్క పెండ్లికి దానికీ ఒక జత కొన్నారు, గులాబీరంగుది. మేము గడప దగ్గర గొంతుకూర్చొని మా లేసులతో కుస్తీపడుతున్న వేళ అది వచ్చి మా ఎదుట చతికిలబడినది. తన కాలు చాచి, జోడువైపు చూపి, “ఇప్పు” అన్నది. దాని తల్లి లోపలినుండి, “వద్దు నాన్నా, ఫొటోలు కానీ” అని కేకవేసినది. మేము ముడి విప్పినాము. ముద్దుపాదం మీద లేసుల గుర్తులు ఎర్రగా, అడ్డంగా, మెట్లవలె పడి ఉన్నవి. రెండవది విప్పేవరకు కూడా అది ఆగలేదు. ఒక కాలికి జోడుతో, ఒక కాలు ఉత్తిగా, హాలు నడుమ నున్నని చలువరాళ్ళమీద పరుగెత్తినది.